బోణీ కాని తొమ్మిది రోజులు

థోమ్ పిన్ని నా దగ్గరికి తెచ్చిన జాబితాలో ముప్ఫై ఒక్క కోరికలున్నాయి. గోడ క్యాలెండర్‌లో రోజుకొకటి చింపే కాగితాల వెనక రాసుకొచ్చింది. బజారు మూసేసే ముందు వారం రోజులూ పక్క కొట్ల వాళ్ళందరినీ అడిగి రాయించిందట. ఎండుచేపలావిడ వెబ్‌సైట్ తెరవగానే పాట రావాలంది. బట్టల కొట్టాయన సభ్యత్వం పెట్టమన్నాడు. ఎవరో తిప్పితే బహుమతి వచ్చే చక్రం పెట్టమన్నారు, ఇంకెవరో ఆ రోజు జాతకం పెట్టమన్నారు. పిన్నిది తుంగ చాపల కొట్టు, అందులో జాతకం ఎందుకని నేను అడగలేదు. అడిగితే పిన్ని దగ్గర దానికీ ఒక జవాబుంటుంది.

నేను పదకొండేళ్ళుగా సాదెక్ పట్నంలో ఈ పనే చేస్తున్నాను. పూలతోటల వాళ్ళకీ, నూడుల్స్ హోటళ్ళకీ, పడవలు అద్దెకిచ్చే వాళ్ళకీ వెబ్‌సైట్లు కట్టిచ్చాను. వచ్చిన ప్రతివాళ్ళనీ ఒకటే అడుగుతాను, ఏది లేకపోతే మీ వ్యాపారం ఆగిపోతుందో అది చెప్పండి అని. చాలామంది కాసేపు ఆలోచిస్తారు. పిన్ని ఆలోచించలేదు.

"అన్నీనూ" అంది.

నాకు ఓపిక తక్కువ. మా అమ్మ బతికున్నప్పుడు అన్నం ఉడికేలోపు నేను మూత పదిసార్లు తీసి చూస్తానని తిట్టేది. కానీ ఈ పనిలో మటుకు ఓపిక పట్టాలనుకున్నాను, ఎందుకంటే పిన్నిని ఇందులోకి దింపింది నేనే. పిన్ని వాళ్ళ ఊళ్ళో పాత బజారు మూసేశారు, త్వరలో పడగొట్టి కొత్తది కడతారు. కొత్త దాంట్లో పిన్నికి పై అంతస్తులో కొట్టు ఇస్తామన్నారు. "చాప కోసం మేడెక్కి ఎవరొస్తారు పిన్నీ, వదిలెయ్, వెబ్‌సైట్ పెడదాం" అన్నాను. నా మాట నమ్మి ఆవిడ ఆ కొట్టు వద్దని సంతకం పెట్టేసింది. సరుకంతా పడవలో వేసుకుని, గంట ప్రయాణం చేసి, నా ఇంటి ముందు గదిలో దించింది. అప్పటినుంచి నా ఇల్లంతా తుంగ వాసన.

ఆవిడ ఒక్కదాని విషయమైతే నేనంత కంగారుపడేదాన్ని కాదు. దిన్ యెన్ ఊళ్ళో అయిదు మగ్గాలు పిన్ని కోసమే నేస్తాయి. అక్కడి నేతగాళ్ళ తరఫున మాట్లాడే ఖోయ్ ముందే చెప్పేశాడు. పౌర్ణమి మర్నాడు పొద్దున్న ఏడింటికల్లా, వచ్చే నెల తుంగకు రంగు వేయాలో వద్దో పిన్ని చెప్పాలి. వద్దంటే మగ్గాలు విప్పేసి ఆ అయిదిళ్ళ వాళ్ళూ ఫ్యాక్టరీ పనులకు పోతారు. విప్పిన మగ్గం మళ్ళీ ఎవరూ బిగించరని పిన్నికి తెలుసు. వెబ్‌సైట్ తెరిచిన రోజుకీ ఆ పొద్దుకీ మధ్య తొమ్మిది రోజులున్నాయి.

జాబితా ముందేసుకుని కూర్చున్నాం. నేను ఎర్ర పెన్ను పట్టుకున్నాను.

"పాట వద్దు" అన్నాను.

"పోనీలే."

"చక్రం వద్దు. జాతకం వద్దు. ఆరు భాషలు వద్దు. నీ చాప కొనడానికి రష్యా నుంచి ఎవరూ రారు."

"ఏమో, వస్తే?"

"వస్తే నేనే మాట్లాడతా. ఇదేంటి, 'ఎంతమంది వచ్చారో కనబడాలి'?"

"అది ఉండాల్సిందే" అంది పిన్ని, పెన్ను మీద చెయ్యేసి. "కొట్లో కూర్చుంటే ఎవరు ఆగారు, ఎవరు చాప మడత విప్పించారు, ఎవరు మొహం తిప్పుకుని పోయారు, అన్నీ నాకు తెలుస్తాయి. కళ్ళకు గంతలు కట్టుకుని వ్యాపారం చెయ్యమంటావా?"

పది నిమిషాలు వాదించాను. ఆ లెక్క వల్ల చిల్లిగవ్వ ప్రయోజనం లేదు, ఊరికే మనసు పాడుచేస్తుంది అని చెప్పాను. వినలేదు. విసుగొచ్చి వదిలేశాను. అలాగే సభ్యత్వం కూడా. కొనేవాళ్ళ పేరు, ఊరు, ఇంట్లో ఎంతమంది, కొత్త దంపతుల మంచం మీద జతగా పరిచే పెళ్ళి చాపలైతే ఎవరి పెళ్ళి, పిల్ల తరఫా పిల్లాడి తరఫా, ఇవన్నీ ముందే అడగాలంది. "ఎవరో ఏమిటో తెలీకుండా పెళ్ళి చాపలు ఎలా అమ్ముతానే? నేనెప్పుడన్నా అలా అమ్మానా?" నిజమే, ఎప్పుడూ అమ్మలేదు. ఆవిడ కొట్లో చాప కొనడానికి పావుగంట పట్టేది, పన్నెండు నిమిషాలు కబుర్లే. సరే అని ఆ ప్రశ్నలన్నీ పెట్టాను.

చివరి కాగితం మీద పిన్ని తన చేత్తో రాసుకున్న ఒకే ఒక్క మాట ఉంది. విసనకర్రలు.

మిగిలిపోయిన తుంగ ముక్కలతో కొట్లో కూర్చుని పిన్ని అల్లే చిన్న విసనకర్రలవి. నేను నవ్వాను.

"దీన్ని పంపే ఖర్చు దీని ధరకు మూడింతలవుతుంది. అయినా ఎవరు కొంటారు పిన్నీ? ఇన్నేళ్ళలో రోజుకొకటి పోయేది, అదీ లియెన్ పెద్దమ్మకే."

"అవుననుకో" అంది పిన్ని.

నేను ఎర్ర గీత కొట్టేశాను. ముప్ఫై ఒకటిలో ఇరవై రెండు కొట్టేసి, మంచి పని చేశానని మురిసిపోయాను. చిరునామా కూడా పెట్టలేదు. అంగడి లేనప్పుడు చిరునామా దేనికి?

లియెన్ పెద్దమ్మ లాటరీ టిక్కెట్లు అమ్ముతుంది. ఇరవై రెండేళ్ళుగా పిన్ని కొట్టుకు బోణీ ఆవిడదే. తెల్లవారి అయిదింటికి, ఇంకా ఎవరూ సరుకు ముట్టుకోకముందే వచ్చి, బేరం ఆడకుండా ఒక విసనకర్ర కొనుక్కుని పోయేది. ఆవిడ చెయ్యి మంచిదని బజారంతా ఒప్పుకుంటుంది. మంచి చేత్తో బోణీ అయితే ఆ రోజు చీకటిపడేదాకా చేతులు ఖాళీ ఉండవు. పొద్దున్నే ఎవరైనా వచ్చి చాపలన్నీ విప్పించి ఊరికే పోతే మాత్రం ఆ రోజంతా అంతే. అలాంటివాళ్ళు పోగానే పిన్ని ఒక కాగితం వెలిగించి కొట్టు నాలుగు మూలలా తిప్పి దిష్టి తీసేది. బజారులో అందరూ అంతే చేస్తారు. మా బజారు మనుషులు బ్యాంకునైనా నమ్మరు గానీ బోణీని నమ్ముతారు.

వెబ్‌సైట్ తెరిచిన మొదటి రోజు పొద్దున నేను కాఫీ వడకట్టుకుంటుంటే పొగ వాసన వచ్చింది. ముందు గదిలోకి పరిగెత్తాను. పిన్ని ఒక చేతిలో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో మండుతున్న కాగితం దాని చుట్టూ తిప్పుతోంది.

"ఏం చేస్తున్నావు పిన్నీ!"

"పద్నాలుగు మంది వచ్చారే. ఒక్కళ్ళు కూడా కొనలేదు. పొద్దున్నే! పద్నాలుగు మంది!"

"అది వెబ్‌సైట్. జనం చూసి పోతుంటారు. అలాగే ఉంటుంది."

"అలాగే ఉంటే ఎలా బాగుపడతాం?"

మనిషికో కాగితం చొప్పున పద్నాలుగు కాల్చింది. సాయంత్రానికి ఆ లెక్క డెబ్భై ఒకటికి పోయింది. రెండో రోజు పదిమందికి ఒక కాగితం అని సర్దుకుంది. మూడో రోజు నా కిటికీ తెర అంచు కాలింది. నేను గట్టిగా అరిచాను, ఆవిడ అన్నం మానేసింది, మళ్ళీ నేనే బతిమాలి చేపల పులుసుతో తినిపించాను.

నిజం చెప్పాలంటే నేనూ ఆవిడకంటే మేలేం కాదు. వేరేవాళ్ళ పని చేస్తూ చేస్తూ మధ్యలో ఫోన్ తీసి చూసేదాన్ని. బండి మీద వెళ్తూ ఎర్ర దీపం దగ్గర చూసేదాన్ని. కూరగాయలు బేరమాడుతూ చూసేదాన్ని. లెక్క పెరుగుతూనే ఉంది, ఆర్డర్ మాత్రం రాలేదు. ఆ అయిదిళ్ళ వాళ్ళను నేను ఒక్కసారి చూశాను, అయిదో రోజు నుంచి వాళ్ళ మొహాలు గుర్తురావడం మొదలైంది.

పిన్ని చేతులకు పని లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఏదో ఒకటి అల్లుతూ కూర్చున్న మనిషి. ఇప్పుడు ఫోన్ తెరుస్తుంది, మూస్తుంది, వీధి గుమ్మం దాకా వెళ్తుంది, తిరిగొస్తుంది, మళ్ళీ తెరుస్తుంది.

"ఆ అక్క ఒక్కసారన్నా వచ్చిందా?" అంది ఆరో రోజు, ఉన్నట్టుండి.

"ఎవరు?"

"ఇంకెవరు, లియెన్ అక్క. ఇరవై రెండేళ్ళు. మూసేసిన నా కొట్టు తలుపు మీద నీ వెబ్‌సైట్ పేరు ఇంత లావు అక్షరాలతో రాయించి వచ్చానా? ఆవిడకి కొత్త ఫోన్ కూడా ఉంది. టిక్కెట్ల నంబర్లు ఫోటో తీసి పంపుతుంది జనానికి. నన్ను మాత్రం మర్చిపోయింది."

"నువ్వే ఫోన్ చెయ్యరాదూ?"

"నంబరు ఎవరి దగ్గరుంది? రోజూ కనబడే మనిషికి నంబరెందుకు?"

"పోనీ బండి మీద తీసుకెళ్తా, పద. గంటలో పోతాం."

పిన్ని నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"వెళ్ళి ఏమనాలి? తల్లీ, వచ్చి బోణీ చెయ్యి అనాలా? అడుక్కుంటే అది బోణీ ఎలా అవుతుందే? దానంతట అది రావాలి. ఆవిడకి లేని పట్టింపు నాకు మాత్రం దేనికి?" అని లోపలికి వెళ్ళి పడుకుంది. పగలు పడుకోవడం ఆవిడకి అలవాటు లేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఖోయ్ ఫోన్ చేశాడు. పిన్ని స్పీకర్ పెట్టి మాట్లాడింది, నాకూ వినబడాలని కాబోలు.

"అక్కా, రేపు పొద్దున్న రంగు కాగు పొయ్యి మీద పెట్టమంటావా?"

"రేపు ఏడింటికి చెబుతానన్నాగా."

"చెబుతావనుకో. మా ఆవిడ ఇప్పటినుంచే బట్టలు సర్దుతోంది. అందుకని అడిగా."

పిన్ని ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"దియెప్, వద్దని చెప్పేస్తానే. ఆశపెట్టి కూర్చోబెట్టడం పాపం."

నాకు ఒళ్ళు మండింది. పిన్ని మీద కాదు, నా మీదే. ల్యాప్‌టాప్ తెరిచి, ఆ దిక్కుమాలిన లెక్క వెనక ఏముందో మొదటిసారి చూశాను. పదకొండేళ్ళుగా ఇతరులకు చెప్పే పాఠం ఇది, అంకె చూడకండి, మనుషుల్ని చూడండి అని. నేను మాత్రం తొమ్మిది రోజులూ అంకె చూస్తూ కూర్చున్నాను.

మొత్తం ఆరు వందల పన్నెండు. ఏ ఫోన్ నుంచి ఎన్నిసార్లు తెరిచారో విడదీశాను. ఒక్క ఫోన్ నుంచే మూడు వందల ముప్ఫై ఒకటి. ఇంకొక ఫోన్ నుంచి రెండు వందల ఎనిమిది. ఆ రెండోది నాది.

"పిన్నీ, ఇలా రా" అన్నాను. "ఈ మూడు వందల ముప్ఫై ఒకటీ నువ్వే."

"నేనేంటి?"

"నువ్వు తెరిచిన ప్రతిసారీ ఒక మనిషి వచ్చినట్టు లెక్క. వచ్చావు, చూశావు, కొనకుండా పోయావు. నేనూ అంతే."

పిన్ని వంగి ఆ అంకె చూసింది.

"అంటే... నేను కాల్చిన కాగితాలన్నీ..."

"మనిద్దరికే."

ఆవిడకి నవ్వు రాలేదు. నాకు వచ్చింది గానీ మింగేశాను. "పొద్దున్నే వచ్చి సరుకు విప్పించి ఊరికే పోయే దరిద్రం నేనేనన్నమాట" అని గోడకు జారగిలబడింది.

మిగిలింది డెబ్భై మూడు. అందులో చాలామంది చాపలన్నీ చూశారు, పెళ్ళి చాపల జత ఎంచుకున్నారు కూడా. ఆ తర్వాత మా ప్రశ్నల దగ్గర ఆగిపోయారు. ఊరు, ఈమెయిల్, పాస్‌వర్డ్, ఇంట్లో ఎంతమంది, ఎవరి పెళ్ళి. ఒక్కరు కూడా అది దాటలేదు. పిన్ని నోటితో అడిగితే ఆ ప్రశ్నలకు జనం మురిసిపోయేవారు, పక్కన కూర్చుని ఇంకో నాలుగు కబుర్లు చెప్పేవారు. తెర మీద అవే ప్రశ్నలు పోలీసు స్టేషన్‌లో అడిగినట్టున్నాయి.

ఆఖరున వెతికే పెట్టె చూశాను. జనం ఏ మాట కొట్టి వెతికారో అందులో నిలవ ఉంటుంది. తొమ్మిది వరసలున్నాయి. తొమ్మిదింట్లోనూ ఒకటే మాట.

విసనకర్ర. పొద్దున అయిదూ రెండు. ఏమీ దొరకలేదు.

విసనకర్ర. పొద్దున అయిదింటికి. ఏమీ దొరకలేదు.

విసనకర్ర. పొద్దున నాలుగూ యాభై ఎనిమిది. ఏమీ దొరకలేదు.

నేను ఎర్ర గీత కొట్టిన మాట అది. తల దించుకుని ల్యాప్‌టాప్ పిన్ని వైపు తిప్పాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో వరసా వేలు పెట్టి చదివింది. చివరి వరస దగ్గరికొచ్చేసరికి వేలు ఆగిపోయింది. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, అది వేరే సంగతి.

"రోజూ వచ్చిందే" అంది పిన్ని. "రోజూ వచ్చింది. లేదు పొమ్మన్నాం."

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకల్లా వెబ్‌సైట్ సగం పీకేశాను. సభ్యత్వం తీసేశాను. ప్రశ్నలు తీసేశాను. ఎంతమంది వచ్చారో చూపించే లెక్క తీసేశాను, పిన్ని అడ్డు చెప్పలేదు. పేరు, ఫోన్ నంబరు, ఏం కావాలి, ఎన్ని కావాలి, ఏమన్నా చెప్పాలనుకుంటే రాయడానికి ఒక ఖాళీ, అంతే ఉంచాను. చాపలన్నిటికీ పైన, మొట్టమొదట, విసనకర్ర ఫోటో పెట్టాను. ఫోటో తీయడానికి కొత్తది లేదు. పిన్ని సంచిలో అడుగున నలిగిన పాతది ఒకటి దొరికింది.

మర్నాడు నాలుగున్నరకే లేచి ఇద్దరం ముందు గదిలో కూర్చున్నాం. వెబ్‌సైట్ తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాం. ఆర్డర్ వస్తే ఫోన్ మోగుతుంది. అయిదయింది. మోగలేదు. అయిదూ అయిదు. పిన్ని కాళ్ళు నేలకు తాటిస్తోంది. నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను.

"పదోరోజు కూడా వస్తుందా? తొమ్మిది సార్లు లేదనిపించుకున్నాక నువ్వయితే వస్తావా?" అంది.

"నేను రెండోరోజే రాను."

"నువ్వు రావు, నాకు తెలుసు."

అయిదుంబావు అయింది. వీధిలో నూడుల్స్ బండి గంట వాయించుకుంటూ పోయింది. అయిదూ ఇరవైకి నా చెయ్యి ఫోన్ మీదకు పోయింది, పిన్ని చటుక్కున కొట్టింది. అయిదూ ఇరవై మూడుకి మోగింది.

పేరు లియెన్. సరుకు విసనకర్ర. ఎన్ని అన్నచోట, పది.

"పదా?" అన్నాను. "తప్పు నొక్కినట్టుంది పెద్దమ్మ."

పిన్ని అప్పటికే కింద ఖాళీలో రాసింది చదువుతోంది. పెద్దమ్మ ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుని రాసి ఉంటుంది పాపం, అందుకే అంత ఆలస్యమైంది.

"ఇవాల్టిది ఒకటి. బోణీ కాని రోజులవి తొమ్మిది. పోస్టులో పంపకు, నేనే వచ్చి తీసుకుంటా. కొట్టు ఎక్కడ పెట్టావో ఎక్కడా రాయలేదేమే?"

పిన్ని ఫోన్ తీసి ఖోయ్‌కి చేసింది. ఇంకా ఏడు కాలేదు, ఆరు కూడా కాలేదు. నేను కంగారుగా చెయ్యి పట్టుకున్నాను. "పిన్నీ, ఆగు. ఒక్క చాప కూడా పోలేదు. ఏడింటిదాకా చూద్దాం."

నా చెయ్యి తీసేసింది.

"ఖోయ్, పొయ్యి వెలిగించు. అయిదు మగ్గాల తుంగకూ రంగు వెయ్." కాసేపు అటువైపు మాట విని, "ఆఁ, బోణీ అయింది" అంది.

వెంటనే చిరునామా పెట్టాను, వీధి పేరు, సందు మలుపు, ఇంటి ముందు నీలం తలుపు అని అన్నీ రాశాను. ఆ పని అయ్యేసరికి పిన్ని తుంగ ముక్కల మూట విప్పి నేల మీద కూర్చుంది. పది అల్లాలి కదా. తొమ్మిది రోజుల తర్వాత ఆవిడ చేతులు ఒకచోట నిలబడి పని చేస్తున్నాయి. ఫోన్ పక్కన బోర్లా పడేసి ఉంది, దానివైపు చూడటం లేదు.

నేను చూడకుండా ఉండలేకపోయాను. ఇప్పటికి ఎంతమంది వచ్చారో చూద్దామని ఫోన్ తీశాను. ఆ లెక్క తీసేసింది నేనేనని అప్పుడు గుర్తొచ్చింది.

"ఖాళీగా కూర్చునే బదులు ఆ ముక్కలు ఇటు అందించరాదూ" అంది పిన్ని.